లక్ష్మమ్మ చేసిన ఎగతాళి

ఫ్యాక్టరీలో రిటైరయ్యాక, హైదరాబాద్ రాయదుర్గంలోని ఒక ఆఫీసు టవర్లో సెక్యూరిటీ గార్డుగా చేరాను. అక్కడి హౌస్‌కీపింగ్ ఆడవాళ్లతో యూనియన్ పెట్టించాలన్నదే నా ఉద్దేశం. మొదట ఒప్పుకున్నది బోరబండ లక్ష్మమ్మ. ఆ సంగతి వాళ్లను పనిలో పెట్టుకున్న కాంట్రాక్టరు చెవిన పడింది.

ఒక ఉదయం గేటు దగ్గర ఆమె కార్డు పనిచేయలేదు. "ఈమెను తీసేశాం, లోపలికి రానీకు. యూనియన్ అని ఎగదోసిందెవరో నీకు తెలుసా?" అని సూపర్‌వైజర్ నన్నే అడిగాడు.

నేను నోరు తెరిచేలోపే లక్ష్మమ్మ అందుకుంది. "గీ ముసలాయనకేం ఎరుక సారూ? కుర్సీల కూసోని కునికిపాట్లు పడ్తడు!"

అందరూ నవ్వారు. వెనక్కి తిరుగుతూ నాకు మాత్రమే వినబడేలా, "నువ్వన్నా లోపలుండు అన్నా," అంది.

యూనియన్ ఏర్పడ్డాక ఆమె కోసం బోరబండ వెళ్లాను. కిరాయి గది ఖాళీ చేసి ఎటో వెళ్లిపోయిందన్నారు. ఆమె పేరున రాసిన మొదటి సభ్యత్వ కార్డు నా డైరీలోనే ఉంది. చూసినప్పుడల్లా, నన్ను కాపాడిన ఆ ఎగతాళే వినిపిస్తుంది.