వీధికి దేశాలు పంచిన టీచర్

ఆగస్టు నాలుగో తేదీ, సోమవారం. పొద్దున కళ్లు తెరవగానే మొదటి వింత నిశ్శబ్దం. పైన ఫ్యాను తిరుగుతోంది, అంటే కరెంటు ఉంది. అయినా మా ఇంట్లో మగ్గాలు ఆడటం లేదు. పక్కింట్లోనూ ఆడటం లేదు. చెవి రిక్కించి విన్నాను, వీధి మొత్తంలో ఒక్కటీ ఆడటం లేదు. మాది నేతగాళ్ల ఊరు నగరి, మరమగ్గాల చప్పుడుకే మేం నిద్రపోతాం. అది ఆగితే మెలకువ వస్తుంది. కరెంటు పోతే తప్ప అది ఆగదు.

నాయన మగ్గాల షెడ్డు గడప మీద కూర్చుని ఉన్నాడు.

"ఏంది నాయనా, ఆపేసినారు?"

"టీచరమ్మ పాయె పాపా. తెల్లారగట్ల, నిద్రలోనే పోయిందంట." ఆగిన మగ్గాల వైపు చెయ్యి చూపించాడు. "ఆపమని ఎవురూ చెప్పలా. పక్కింటాయన ఆపినాడు. నాకూ చెయ్యి ఆడలా."

ఆమె మా ప్రభుత్వ హైస్కూల్లో సోషల్ టీచర్. రిటైరై కొన్నేళ్లయింది. మా వీధి మలుపులో అద్దె ఇంట్లో ఉండేవారు. సొంత ఊరు పూతలపట్టు. ఆ ఊరు రోడ్లు కలిసే చోటు కాబట్టి, చిన్నప్పుడు లారీల నంబరు పలకలు చదివి రాష్ట్రాల పేర్లు నేర్చుకున్నానని చెప్పేవారు. ఆమెకు పెళ్లి కాలేదు. అడిగినవాళ్లతో "నాకు శానా దేశాల సంసారం ఉండాది, ఇంకోటి యాడ పెట్టేది?" అనేవారు.

రేపు తిరుపతిలో, నేను డిగ్రీ రెండో ఏడాది చదువుతున్న కాలేజీలో ఒక సభ ఉంది. ఏ దేశం ఎంత ఇంధనం వాడుతోంది, ఎంత కర్బనం గాలిలోకి వదులుతోంది అనే విషయం మీద. విద్యార్థుల తరఫున మాట్లాడేది నేను. టీచర్ వచ్చి వింటానన్నారు. కానీ సభ చూసుకునే లెక్చరర్, నేను రాసుకున్న దాంట్లో ముఖ్యమైన సగం తీసేయమన్నారు. తీసేసి మాట్లాడాలా, మాట్లాడకుండా మానుకోవాలా అని వారం రోజులుగా కొట్టుకుంటున్నాను. ఆ సగం టీచర్ నాకు నేర్పినది. అందుకే ముందు మీకు ఆమె గురించి చెప్పాలి.

తొమ్మిదో తరగతి మొదటి రోజున ఆమె ఒక స్టీలు డబ్బా పట్టుకొచ్చేవారు. అందులో చీటీలు. ఒక్కో చీటీ మీద ఒక దేశం. ఎవరికి ఏది వస్తే సంవత్సరమంతా ఆ దేశం బాధ్యత వాళ్లదే. ఆ దేశం బొగ్గు కాలుస్తుందా, నీళ్లతో కరెంటు తీస్తుందా, చమురు తవ్వుతుందా, అది పోయినేటికంటే ఎక్కువ కాలుస్తోందా తక్కువా, ఇవన్నీ మేం తెలుసుకుని ఉండాలి. ఆమె హాజరు కూడా అలాగే పిలిచేవారు. "జపాన్ వచ్చిందా? జర్మనీకి జొరం తగ్గిందా?"

స్కూలు వదిలినా ఆ పేర్లు వదిలేవి కావు. కూరగాయల బండి దగ్గర కనిపించినా సరే, "ఏమ్మే నార్వే, ఏం కాలుస్తా ఉండావు ఈ మధ్య?" అని అడిగేవారు. నాది నార్వే. సొంత కరెంటు దాదాపు అంతా నీళ్లతోనే తీసుకుంటుంది, తవ్విన చమురూ గ్యాసూ మాత్రం బయటి దేశాలకు అమ్ముకుంటుంది. "ఇంట్లో మడి కట్టుకుని వీధిలో సారా అంగడి పెట్టినట్టు ఉండాది మీ వ్యవహారం" అని నన్నే తిట్టేవారు. నేను నార్వే తరఫున ఉక్రోషపడేదాన్ని. మా వీధిలో ఇద్దరు బ్రెజిల్‌లు ఉన్నారు, తల్లీ కొడుకూ. వేరే వేరే ఏళ్లలో ఆమె దగ్గరే చదివారు. బడి వదిలే వేళకు ఆ తల్లి గుమ్మంలో నిలబడి "చిన్న బ్రెజిల్ ఇంకా ఇల్లు చేరలా" అంటే ఎవరికీ ఆశ్చర్యం ఉండేది కాదు.

మా తరగతిలో ఖతార్ చీటీ బట్టల అంగడివాళ్ల అబ్బాయికి వచ్చింది. వాళ్ల అంగట్లో ఏసీ ఉండేది. చీటీలకు కూడా కళ్లున్నాయని టీచర్ నవ్వారు.

ఒకసారి ఆమె అందరినీ ఇంటి కరెంటు బిల్లు తెమ్మన్నారు. ఎవరింట్లో ఎన్ని యూనిట్లు కాలాయో బోర్డు మీద వరసగా రాస్తానన్నారు. మా ఇంటికి రెండు మీటర్లు, ఒకటి ఇంటిది, ఒకటి మగ్గాలది. మగ్గాలు ఉన్నది వంటింటి పక్కనే. వాటి పక్కనే మేం తింటాం, వాటి పక్కనే పడుకుంటాం. నాకు రెండూ ఇల్లే. అందుకని శ్రద్ధగా రెండు బిల్లులూ కూడి తెచ్చాను. తక్కిన నేతగాళ్ల పిల్లలు ఇంటి బిల్లు ఒక్కటే తెచ్చారు. బోర్డు మీద అందరికంటే పైన నా పేరు పడింది, ఖతార్ కంటే పైన.

"అమెరికా! అమెరికా!" అని ఖతార్ అరిచాడు. తరగతి అంతా అందుకుంది. నాకు ఏడుపొచ్చింది. ఏసీ ఉన్నవాడి కంటే, టీవీ ముందు ఒకే ఫ్యాను కింద మొత్తం కుటుంబం సర్దుకునే మేం ఎక్కువ కాల్చామా?

టీచర్ అరుపులను ఆపలేదు. అవి వాటంతట అవే తగ్గాక నన్ను అడిగారు.

"మగ్గాల మీద ఏం నేస్తారు?"

"లుంగీలు టీచర్."

"మీ నాయన అన్ని లుంగీలూ తానే కట్టుకుంటాడా?"

తరగతి పగలబడి నవ్వింది. ఈసారి నేనూ నవ్వాను.

"లేదు టీచర్. చెన్నై అంగళ్లకు పోతాయి. అక్కడి నుంచి ఇంకా యాడికో పోతాయి."

"మరి ఆ కరెంటు ఎవరి లెక్కలో రాయాల? నేసినోళ్ల లెక్కలోనా, కట్టుకున్నోళ్ల లెక్కలోనా?"

ఆమె తడిగుడ్డతో నా పేరు ఎదురుగా ఉన్న అంకె తుడిచి, ఇంటి మీటరుది మాత్రం రాశారు. నా పేరు బోర్డు అడుగుకు జారిపోయింది. అప్పుడన్నారు. "పాప తప్పు చేసిందని నవ్వినారు గదా. ప్రపంచం చేసే లెక్క ఇదే. చైనా ఫ్యాక్టరీలో కాలిన బొగ్గు చైనా ఖాతాలో పడతాది. ఆడ తయారైన సామాను వాడుకునే వాళ్ల ఖాతా తెల్లగా ఉంటాది." ఐరోపాలో కొన్ని దేశాల కర్బనం ఏటేటా తగ్గుతోందని మురిసిపోయిన జర్మనీ, అంటే మా తరగతి జర్మనీ, ముఖం చిన్నబుచ్చుకుంది. టీచర్ దాన్నీ వదలలేదు. "అంతా మోసమని కూడా అనొద్దు. గాలిమరలు పెట్టుకున్నారు, బొగ్గు తగ్గించుకున్నారు, అది నిజం. నిజాన్ని నిజమనే చెప్పండి. మిగతాది గూడా అడగండి."

ఆమె మాటల్లో నాకు బాగా గుర్తున్నది ఒకటుంది. "మొత్తం చూసి బెదరొద్దు, తలసరి చూసి మురవొద్దు." తలసరి అనే మాట నాకు ఆ రోజు నుంచే ఇష్టం. చిన్న మాట, కానీ దేశాలను మనుషుల దగ్గరికి దింపుతుంది.

మొత్తం చూసి బెదరకపోవడం అంటే ఏమిటో మాకు కళ్లారా చూపించారు. ఒకసారి బయటి నుంచి ఒక పెద్దాయన మాకు ఉపన్యాసం ఇవ్వడానికి వచ్చాడు. మన దేశం కర్బనం వదలడంలో ప్రపంచంలో మూడోదని, అది మనందరికీ సిగ్గుచేటని చెప్పి, "ఈ క్షణం నుంచే ఫ్యాన్లు అనవసరంగా తిప్పడం మానండి" అని పైకి వేలు చూపించాడు.

టీచర్ లేచి నిలబడ్డారు. "అది పొద్దున్నుంచి తిరగలా సార్. కరెంటు లేదు."

పిల్లలు నవ్వు ఆపుకోలేకపోయారు. హెడ్మాస్టరు కళ్లెర్రజేశారు. ఆమె కూర్చోలేదు. "మూడోది అనేది నిజమే సార్. అమెరికా రెండోది. కానీ వాళ్లు ఎంతమంది, మనం ఎంతమంది? ఒక్కో మనిషికి పంచితే మనది ప్రపంచ సగటుకంటే కింద ఉండాది. వంద నూటయాభై ఏళ్ల నుంచి కాల్చింది కూడితే ఎవరు ముందుంటారు? ఈ పిల్లోళ్లకు సిగ్గు నేర్పించే ముందు లెక్క నేర్పించాల." ఆ పెద్దాయన టీ తాగకుండానే వెళ్లిపోయాడు. ఆమెకు హెడ్మాస్టరు గదిలో చాలాసేపు చీవాట్లు పడ్డాయి. బయటికొచ్చి చీర కుచ్చెళ్లు సర్దుకుని, "జపాన్, బోర్డు తుడువు" అన్నారు. అంతే.

ఇక మురవొద్దు అనే మాట. ఆ తర్వాత మేం రెచ్చిపోయాం. మనం తలసరి తక్కువ, మనకు ఏ తప్పూ లేదు అని దండోరా వేసుకుంటూ తిరిగాం. ఖతార్ ఒక అడుగు ముందుకేశాడు. "అయితే టీచర్, మనం ఎంతైనా కాల్చుకోవచ్చు గదా?"

"మన తల అంటే ఎవరి తలరా? మీ అంగట్లో ఏసీ కింద కూర్చునే తలా, ఈ పాప నాయన తలా? తిరుపతిలో పగలూ రాత్రీ చల్లగుండే లాడ్జి గదిలో పడుకునే తలా, దాని ముందర ఆటో పెట్టుకుని ఎండకు మాడే తలా? అందరినీ కలిపేసి సగటు తీసి, ఆ సగటు వెనకాల నక్కి కూర్చుంటావా? లేనోళ్ల చాటున దాక్కోబాకరా. అది కూడా దొంగతనమే."

ఖతార్ తల దించుకున్నాడు. అప్పటిదాకా ఆమె మా పక్షం అనుకున్న నేను కూడా దించుకున్నాను. ఆమె ఏ దేశం పక్షమూ తీసుకోలేదు, మన దేశంతో సహా.

ఇప్పుడు నా సంగతికి వస్తాను. రేపటి సభకు లెక్చరర్ తయారుచేసిన చిత్రాల్లో మొదటిది దేశాల మొత్తం లెక్క. రెండోది మరమగ్గాల షెడ్డు ఫోటో, మా నగరి షెడ్డు లాంటిదే. దాని కింద "మన ప్రాంతంలో కరెంటు మింగే పట్టణాలు" అని రాసి ఉంది. తలసరి గురించీ, నేసిన గుడ్డ ఎవరిదనే ప్రశ్న గురించీ నేను రాసిన సగం ఆయన కొట్టేశారు. ఆయన చెడ్డవారు కాదు. వచ్చే అతిథులకు అది సాకులా వినిపిస్తుందని ఆయన భయం. నేను ఆ ఫోటో ముందు నిలబడి అలాగే చదివితే, మా నాయనను అందరి ముందూ దోషిగా చూపించేది నేనే అవుతాను.

మధ్యాహ్నం టీచర్‌ను తీసుకెళ్లారు. పూతలపట్టు నుంచి ఆమె చెల్లెలు వచ్చింది. పాడెకు భుజం పట్టడానికి ఎవరెవరు వస్తారని ఆమె అడిగితే, మా వీధి పెద్దాయన ఒకరు గట్టిగా పిలిచాడు.

"రేయ్ చైనా, ముందుకు రా! రష్యా యాడ? కెనడా, నువ్వు వెనక పట్టు."

చెల్లెలు బిత్తరపోయి చూసింది. తర్వాత సంగతి అర్థమై, ఏడుస్తూనే నవ్వింది. గడ్డాలు నెరిసిన దేశాలు, మీసాలు రాని దేశాలు కలిసి మోశాయి. చిన్న బ్రెజిల్ మజ్జిగ గ్లాసులు పంచాడు. మేం ఆడవాళ్లం వీధి చివరి దాకా వెళ్లి నిలబడ్డాం.

ఖతార్ ఇప్పుడు వాళ్ల అంగడి తనే చూసుకుంటున్నాడు. తిరిగొచ్చి కాళ్లు కడుక్కుంటూ నన్ను పలకరించాడు.

"నార్వే, రేపు తిరపతిలో మాట్లాడతావంట గదా? ఏం చెప్తావు?"

విషయం చెప్పాను. "ఆమె ఉండుంటే నీ చెవి మెలిపెట్టి ఉండేది. ఇంకా ఆలోచిస్తా ఉండావా?" అన్నాడు.

అక్కడి నుంచే లెక్చరర్‌కు ఫోన్ చేశాను.

"సార్, ఆ సగం తీసేస్తే నేను చదవను."

"చూడమ్మా, ఇప్పుడు చెప్తే ఎలా? నీకు ఇష్టం లేకపోతే వేరేవాళ్లు చదువుతారు. తర్వాత బాధపడొద్దు."

"చదవనీండి సార్. చివర్లో ప్రశ్నలకు సమయం ఉంది కదా?"

"ఉంది. అది ఎవరైనా అడగొచ్చు."

"అంతే చాలు సార్."

ఫోన్ పెట్టేశాను. నాయన పక్కనే ఉండి అంతా విన్నాడు. "స్టేజి పాయెనా?" అని అడిగాడు. పోయిందన్నాను. "పోనీలే. కింద నుంచి అడిగితే వినపడదా ఏంది? నేనూ వస్తా. ఆ ఫోటో నేనూ సూడాల" అన్నాడు.

చెప్పుకోవడానికి నాకు బహుమతి రాదు. పత్రికలో పేరు రాదు. మిగతా విద్యార్థులు నన్ను తలబిరుసు అనుకోవచ్చు. అనుకోనీ. మా ఊరి గురించి చెప్పే లెక్క సగంతో ఆగిపోతే, ఆ మిగతా సగం అడగాల్సింది ఆ గదిలో మేం ఇద్దరమే.

రేపు పొద్దున మొదటి బస్సుకు పోతాం. అందరికంటే ముందే చేరి, వేదికకు ఎదురుగా ఉన్న కుర్చీల్లో కూర్చుంటాం. ప్రశ్నలు చివర్లోనే అయినా, ఆ షెడ్డు ఫోటో తెర మీదికి రాగానే నేను చెయ్యెత్తుతాను. లెక్చరర్ నన్ను చూడనట్టు ఉండొచ్చు, వేరేవాళ్లను పిలవొచ్చు, సమయం అయిపోయిందని చెప్పొచ్చు. పిలిచేదాకా ఆ చెయ్యి దించను.