లెక్కల ఎండ

చదువు రావాలంటే ముందు ఒకచోట కుదురుగా కూర్చోవడం రావాలని లోకమంతా నమ్మిన రోజులవి. డెబ్బైల మొదటి సంవత్సరాలనుకుంటాను. పిల్లకు తెలివి ఎంతుందో తర్వాత చూసేవాళ్ళు, ముందు కాళ్ళు ముడుచుకుని ఎంతసేపు ఉంటుందో చూసేవాళ్ళు. ఆ లెక్కన నేను ఎందుకూ పనికిరాని పిల్లని. కూర్చున్న పది నిమిషాలకు ఒక కాలు బయలుదేరేది, దాని వెనక రెండోది, వాటి వెనక నేను. ఇంట్లో నన్ను బొంగరం అనేవాళ్ళు. (ఆ పేరు పెట్టింది మా మేనమామ. ఆయనా ఒకచోట ఉండే మనిషి కాదు, ములుగు దిక్కు జీపు నడిపేవాడు. ఆయన్ని మాత్రం ఎవరూ ఏమీ అనలేదు.)

మూడో తరగతి అయిపోవచ్చే రోజుల్లో బడి హెడ్మాస్టరు మా నాయినను పిలిపించాడు. హెడ్మాస్టరును ఊరంతా పెద్దసారు అనేది. నాయిన దవాఖానలో కంపౌండరు. మందు సీసాల మీద చీటీలు అంటించేటప్పుడు ఎంత నిదానమో, కోపం వచ్చినప్పుడు అంత తొందర. ఆయన వచ్చేసరికి నేను వరండాలో గోడవైపు మొహం పెట్టి నిలబడి ఉన్నాను. “మీ బిడ్డకు తెలివి లేదంటలేను కంపౌండర్ సాబ్. కూసునుడు వస్తలేదు. జర కూసునుడు నేర్పి తోలియ్యిండ్రి,” అన్నాడు పెద్దసారు నెమ్మదిగానే. “కూసునుడు నేర్పుటానికి మీ బడెందుకు సార్, మా ఇంట్ల పీటలు లేవా? నా పిల్లలకు సదువు నేనే చెప్పుకుంట,” అని నాయిన నా రెక్క పట్టుకున్నాడు. అంతటితో ఆగితే బాగుండేది. అదే ఊపులో ఒకటో తరగతిలోకి వెళ్ళి మా తమ్ముణ్ణి కూడా లేపుకొచ్చాడు. వాడు పాపం పొద్దుటి నుంచీ కదలకుండా కూర్చున్నవాడు. “నేను కూసున్న గద నాయినా, నేను కూసున్న గద,” అని సైకిలు ముందు కడ్డీ మీద ఇల్లు చేరేదాకా ఏడుస్తూనే ఉన్నాడు.

‘నేనే చెప్పుకుంట’ అన్నాడు గానీ నాయినకు దవాఖాన ఉంది కదా. చదువు చెప్పింది అమ్మ. అమ్మ మిషన్ హాస్టల్లో ఉండి మెట్రిక్ చదివింది. టీచర్ ట్రైనింగులో చేరి, పెళ్ళి కుదరడంతో నడుమనే వచ్చేసింది. అప్పటి చెక్క స్కేలు ఒకటి బట్టల పెట్టె అడుగున ఉండేది. మర్నాడు పొద్దున్నే అది బయటికొచ్చింది. (కొట్టడానికి కాదు, గీతలు గీయడానికే. కొట్టడానికి ఆమెకు చెయ్యి సరిపోయేది.) ఆ రోజు అమ్మ ఆదివారం చీర కట్టుకుని మాకు అక్షరాలు దిద్దించింది. ఎందుకో మాకు తెలియలేదు, అడగనూ లేదు.

మా ఇల్లు ఖిలా వరంగల్ మట్టికోట లోపల. రెండు గదులు, కింద బండలు, పైన పెంకులు. డిసెంబరు వస్తే ఆ బండల మీద కాలు పెట్టగానే నడినెత్తి దాకా జిల్లుమనేది. అందుకని అమ్మ చాపలు బయట ఎండలో పరిచేది. ఎండ ఒకచోట నిలవదు కాబట్టి మా బడీ నిలవలేదు. పొద్దున ముందరి అరుగు మీద తెలుగు. ఎండ వాకిట్లోని చెక్కిన రాయి దగ్గరికి చేరితే లెక్కలు. (ఆ రాయి తొండం విరిగిన ఏనుగు. అమ్మ బట్టలు ఉతికేది దాని మీదే.) పొద్దు నెత్తి మీదికొస్తే జామచెట్టు అవతల సోషల్. పొద్దు వాలాక ఇంటి వెనక, కోళ్ళగూడు పక్క గోడకు ఆనుకుని ఇంగ్లీషు. ఇంట్లో ఉన్న ఒక్క వాచీ నాయిన చేతికి దవాఖానకు పోయేది. కాబట్టి వంటింట్లో నుంచి అమ్మ “ఎండ జరిగింది, లేవుండ్రి,” అనేదాకా ఎక్కాలు చదివి, అనగానే చాపలు చుట్టుకుని ఎండ వెనకాల పోయేవాళ్ళం. కొన్నాళ్ళకు ఎండలకే పేర్లు పడ్డాయి: తెలుగు ఎండ, లెక్కల ఎండ, ఇంగ్లీషు ఎండ. మబ్బు పట్టిన రోజు ఏ చదువూ లేదు. ఆదివారం చర్చిలో తమ్ముడు కళ్ళు గట్టిగా మూసుకుని దేవుణ్ణి ఏమడిగేవాడో నాకు బాగా తెలుసు. (ఎండాకాలంలో ఇదే తిరుగుడు నీడ వెంట తిరిగేవాళ్ళం. కానీ అందులో ఇంత సుఖం లేదు.)

మధ్యాహ్నం బువ్వకొచ్చిన నాయిన మమ్మల్ని చూసేవాడు. నేను చాప మీద తల వంచుకుని సోషల్ రాస్తూ ఉండేదాన్ని. “సూసినవా, బిడ్డకు కూసునుడు వచ్చింది,” అని అమ్మతో మురిసిపోయేవాడు. ఆ చాప పొద్దుటి నుంచీ ఎన్నిచోట్ల తిరిగి అక్కడికొచ్చిందో ఆయనకు తెలియదు. ఇంకో అరగంటలో నేను లేస్తాననీ తెలియదు. మాకూ తప్పనిపించలేదు. లోకంలో అందరూ అలాగే చదువుకుంటారనుకున్నాం.

ఇలా రెండున్నరేళ్ళు గడిచాయి. నాయినా పెద్దసారూ ఒకే చర్చిలో ఒకే వరసలో కూర్చుంటూ ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు. మూడో చలికాలం మొదట్లో ఒక ఆదివారం ఆరాధన అయ్యాక పెద్దసారే ముందు నోరు తెరిచాడు. “ఏడో తరగతి సర్కారు పరీక్షకు బడి ఉండాలె కంపౌండర్ సాబ్, ఇంట్ల నడువది. ఇంతకు బిడ్డకు కూసునుడు వచ్చిందా?” నాయిన చుట్టూ చూశాడు. సంఘ పెద్దలంతా అక్కడే ఉన్నారు. “కూసునుడే కాదు, మీ ఆరో తరగతి పిల్లలందరికంటె ముందున్నది,” అన్నాడు. “గట్లనా. అయితే హాఫ్ ఇయర్లీ పరీక్షలు మా పిల్లలతోని రాయనియ్యిండ్రి. లెక్కల్ల పాసయితే ఆరుల కూసుంటది. లేకుంటె నాలుగుల,” అన్నాడు పెద్దసారు. నాలుగు అంటే మా తమ్ముడి తరగతి. ఇంటికి వచ్చే దారిపొడుగునా వాడు నన్ను పైకీ కిందికీ చూసి, చివరికి “నువ్వు నా పక్కనే కూసో అక్కా, నేను సూపిస్త,” అన్నాడు, ఎంతో దయగా. ఆ దయ నేను భరించలేకపోయాను.

పరీక్ష దాకా ఉన్న మూడు వారాలూ ఇంట్లో ఎవరికీ నిలకడ లేదు. పక్కన పండగకు ముందరి సెమీక్రిస్మస్ పాటలు, పిండివంటలు, నడుమ నా కాలమూ దూరమూ లెక్కలు. అమ్మ చెయ్యి పిండిలో ఉన్నా నోరు లెక్కలోనే ఉండేది. రైలు డోర్నకల్లో ఇన్నింటికి బయలుదేరితే అని ఆమె అడిగేది, కాజీపేటకు ఎప్పుడొస్తుందో నేను చెప్పేదాన్ని. నాయిన ఒక సీసాకు అంటించాల్సిన చీటీ ఇంకో సీసాకు అంటించబోయి, దవాఖానలో పెద్ద డాక్టరమ్మతో చీవాట్లు తిన్నాడట.

పరీక్ష రోజు నన్ను లోపలి గోడ పక్క మూల బల్ల మీద కూర్చోబెట్టారు. కాళ్ళు చల్లగా కొయ్యబారాయి. ప్రశ్నలన్నీ తెలిసినవే, ఒక్కటీ తోచలేదు. నాలుగో తరగతి బల్ల మీద జరిగి చోటిస్తున్న మా తమ్ముడి మొహం మాత్రం కళ్ళ ముందు మెదులుతూ ఉంది. తల ఎత్తి చూస్తే తలుపు దగ్గర నేల మీద ఎండ. అది మా ఏనుగు రాయి మీద పడే ఎండే, ఆ వేళకు వచ్చే లెక్కల ఎండే. ఇంకేమీ ఆలోచించలేదు. పరీక్ష అట్ట, పేపరు, పెన్ను తీసుకుని లేచి, పోయి అందులో చతికిలబడ్డాను. “ఏయ్ పిల్లా, ఎటు పోతానవ్?” అంది కొత్తగా వచ్చిన టీచరమ్మ. “ఎండ జరిగింది టీచర్,” అన్నాను. తరగతంతా పగలబడి నవ్వింది. నాకు చలిజ్వరం వచ్చిందనుకుందో ఏమో, టీచరమ్మ ఊరుకుంది. ఒక లెక్క అయింది, రెండు అయ్యాయి. ఎండ గడప దాటింది, నేనూ దాటాను. ఎండ వరండా దిగింది, నేనూ మెట్లు దిగాను. ఆరో లెక్కకు వచ్చేసరికి జెండా కర్ర పక్కన మైదానంలో ఉన్నాను.

మా నాయిన సగం రోజు సెలవు పెట్టి గేటు బయట సైకిలు పట్టుకుని నిలబడి ఉన్నాడని నాకు తెలియదు. ఆయనకు కనిపించింది ఒక్కటే: తన బిడ్డ మళ్ళీ బయట ఉంది. సైకిలు అక్కడే పడేసి లోపలికి వచ్చాడు. “పరీక్షనాడు గూడ నా బిడ్డను బయట కూసోవెట్టిండ్రా? అదేం తప్పు జేసిందని సార్?” ఆ గొంతుకు పెద్దసారు మెడకు మఫ్లర్ చుట్టుకుంటూ గదిలో నుంచి వచ్చాడు. టీచరమ్మ వచ్చింది. ఇద్దరు సార్లు వచ్చారు. అందరూ నా చుట్టూ నిలబడి ఒకేసారి మాట్లాడుతున్నారు. నేను ఎనిమిదో లెక్క నడుమ ఉన్నాను. తల ఎత్తకుండానే, “నాయినా, జర పక్కకు జరుగు. నీ నీడ పడుతాంది,” అన్నాను.

నాయిన జరిగాడు. కాసేపటికి పెద్దసారు నా పక్కన గొంతుక్కూర్చుని, “ఏంది బిడ్డా ఇది?” అని అడిగాడు. “లెక్కల ఎండ సార్. ఇది పోతే సోషల్ ఎండ వస్తది,” అని, ఇంటి సంగతంతా చెప్పాను. ఆయన విన్నాడు. పేపరు తీసుకుని, అక్కడే ఎండలో కళ్ళు చికిలించి చూశాడు. పదిలో ఎనిమిది చేశాను, ఏడు సరైనవి. “కూసునుడు రాలే కంపౌండర్ సాబ్,” అన్నాడు నాయినతో. నాయిన మొహం వాడిపోయింది. “లెక్కలు మాత్రం వచ్చినయ్. ఆరులనే కూసోవెడుత, కిటికి పక్కన.” ఇంటికి పోతుంటే నాయిన సైకిలు ఎక్కలేదు, నడిపించుకుంటూనే వచ్చాడు. హ్యాండిలు వంకర పోయిందన్నాడు గానీ, దారిలో కనబడిన ప్రతి మనిషికీ ఆగి చెప్పడానికే.

క్రిస్మస్ సెలవులయ్యాక నేను ఆరులో, తమ్ముడు నాలుగులో చేరాం. కిటికీ ఎండ మొదటి గంటలోనే పోయేది. తర్వాత బల్ల కింద కాళ్ళు రెండూ ఒకదాని మీద ఒకటి వేసి బిగపట్టుకుని ఉండేదాన్ని. మొదటి శనివారం ఒంటిపూట బడి అయ్యి ఇంటికొస్తే, అమ్మ జామచెట్టు అవతల కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతూ ఉంది. పక్కన మా రెండు చాపలూ పరిచి ఉన్నాయి. “మా చాపలెందుకమ్మా?” అన్నాను. “అలవాటైంది బిడ్డా, నాతోనే జరుపుకుంట వస్తాన్న,” అంది. తర్వాత నవ్వుతూ, “నువ్వు పాసయితివి, నా నౌకరి పాయె,” అంది. నేనూ నవ్వాను. ఆ మాట నాకు అర్థం కావడానికి నేను ఉద్యోగం చేసి, రిటైర్ కావలసి వచ్చింది. అమ్మకు ఉద్యోగమంటూ ఉన్నది ఆ రెండున్నరేళ్ళే. నేను ఆరో తరగతి కోసం అంత ఆరాటపడి, నా చేతులతోనే దాన్ని పోగొట్టాను. ఆ శనివారం ఆమె పక్కన ఇంకాసేపు కూర్చున్నా బాగుండేది. కానీ నా కాళ్ళు ఊరుకోక తమ్ముడితో ఆడుకోవడానికి పోయాను.

ఇప్పుడు నాకు మోకాళ్ళ నొప్పులు. బొంగరం అని పిలిచేవాళ్ళెవరూ లేరు, పిలిచినా తిరగలేను. మా అపార్టుమెంటు బాల్కనీలో చలికాలం ఎండ గంటసేపే ఉంటుంది, తెలుగుకే సరిపోతుంది. పేపరు చదువుతూ ప్లాస్టిక్ కుర్చీ దాని వెంట జరుపుకుంటూ పోతాను. లెక్కల ఎండ వేళయ్యేసరికి అది పక్కింటివాళ్ళ బట్టల మీదికి చేరిపోతుంది. అప్పుడు కుర్చీ చేత్తో పట్టుకుని నిలబడి ఉంటే, మా ఆయన లోపలి నుంచి “మల్ల ఎటు బయలెల్లినవ్?” అంటాడు. ఎటు పోను, గోడ అడ్డముంది.