కురుమయ్య పెట్టని కొమ్ము

ఆత్మకూరు కుమ్మరి కురుమయ్య ఒకప్పుడు నీళ్ల కుండలు, బోనం కుండలు చేసి కురుమూర్తి జాతరలోనూ, మక్తల్ అంగట్లోనూ అమ్మేవాడు. ఇంటింటికీ ఫ్రిజ్‌లు వచ్చాక గిరాకీ పడిపోయింది. తెలంగాణ వచ్చిన కొత్తలో హైదరాబాదు నుంచి ఒక సంస్థ వాళ్లు వచ్చి, మట్టికి గాజుపూత పూయడం, గ్యాసు బట్టీలో కాల్చడం నేర్పారు. చాయ పోసుకునే కుండలు చేస్తే పట్నంలో కొనేవాళ్లున్నారని చెప్పారు.

సారె మీద కుండ లేపడంలో కురుమయ్యకు ఆ చుట్టుపక్కల సాటి లేదు. కానీ చాయకుండకు చాయ వంపే కొమ్ము కావాలి. కొమ్ము కొస కుండ మూతి కన్నా కిందికుంటే, కుండ నిండకముందే చాయ కారిపోతుంది. కొసను పదునుగా కోయకపోతే చివరి చుక్క కొమ్ము వెంట జారి బట్ట మీద పడుతుంది. కుండ పచ్చిగా ఉన్నప్పుడు అతికిస్తే లోపలికి కుంగుతుంది, ఆరిపోయాక అతికిస్తే బట్టీలో ఊడిపోతుంది. కురుమయ్య చేతికి అంత ఓపిక లేదు. మొదట చేసినవన్నీ కారాయి.

అతని భార్య బిక్షమ్మ వాటిని చూసి చూసి, ఒకరోజు తడిగుడ్డ చుట్టిన జొన్నదంటు మీద మట్టిరేకు చుట్టి కొమ్ము చేసింది. కుండను చెంపకు ఆనించి తడి చూసుకుని అతికించింది. కాల్చాక ఆ కుండలోంచి నీళ్లు వంపితే సన్నటి ధార వచ్చి, కుండ ఎత్తగానే టక్కున తెగింది. ఆనాటి నుంచి కుండ అతనిది. కొమ్ము, పిడి, మూత ఆమెవి. మట్టి తొక్కి పదును చేయడం ఎటూ మొదటి నుంచీ ఆమె పనే.

హైదరాబాదులో పెట్టిన చేతిపనుల ప్రదర్శనలో ఒక విలేకరి కుండను అటూ ఇటూ తిప్పి చూసి, "మొత్తం మీరొక్కరే చేస్తారా?" అని అడిగాడు.

బిక్షమ్మ వెనక కూర్చుని గడ్డిలోంచి కుండలు తీసి తుడుస్తోంది.

"నేనే చేస్త," అన్నాడు కురుమయ్య. అనాలని అనుకోలేదు. ఎదురుగా ఫోటో తీసే మనిషి ఉన్నాడు, మాట జారిపోయింది. వెనక గుడ్డ చప్పుడు కాసేపు ఆగి, మళ్లీ మొదలైంది.

ఫోటో పేపర్లో పడింది. ఊరి చాయ హోటల్లో దాన్ని గోడకు అంటించారు. "ఒక్క సుక్క గూడ కారదంట గదా కురుమన్నా, ఎట్ల పెడ్తవ్ కొమ్ము?" అని ఎవరైనా అడిగితే నవ్వి తప్పుకునేవాడు. ఆ హోటల్‌కు పోవడం తగ్గించాడు. బిక్షమ్మ ఆ సంగతి ఎత్తనే లేదు. ఎత్తితే కసురుకుని అయినా అతను తేలికపడేవాడు.

తర్వాత మహబూబ్‌నగర్‌లోని ఒక కాలేజీలో పిల్లలకు పని చూపించమని స్నేహలత అనే మేడం పిలిచింది. మట్టి పని కోసం బిక్షమ్మా వెంట వెళ్లింది. సారె మీద కుండ లేస్తుంటే పిల్లలు నోరు తెరుచుకుని చూశారు. కురుమయ్య అంతటితో లేవబోయాడు.

"కొమ్ము కూడా పెట్టి చూపించండి," అంది మేడం.

"అది ఆరాలె మేడం."

"ఆరనిద్దాం. భోజనాలయ్యాక చూస్తాం."

మధ్యాహ్నం అందరూ మళ్లీ చుట్టూ చేరారు. మొదటి కొమ్ము కుండ లోపలికి కుంగింది. రెండోది అతికిన చోట చీలింది. బిక్షమ్మ గోడ పక్కన కూర్చుని చూస్తోంది. పేరు పెట్టి పిలిస్తే చాలు, వస్తుంది. కురుమయ్య అటు చూడలేదు. చెమట తుడుచుకుని, "మట్టి మంచిగ లేదియ్యాల," అన్నాడు.

ఆ మట్టిని తెల్లవారుజామున లేచి తొక్కింది ఆమె. బిక్షమ్మ లేచి, చీలిన కుండను ముద్ద చేసి సంచిలో వేసుకుంది. బస్సులో ఊరు వచ్చేదాకా అతను తన చేతుల మీద ఎండిన మట్టిని గోకుతూ కూర్చున్నాడు.

కొన్నాళ్లకు ధైర్యం చేసి ఆమె ముందు కూర్చున్నాడు. "కొమ్ము పెట్టుడు నాకు గూడ నేర్పరాదు."

"ఎందుకు? ఇగ నా అక్కెర లేకుండనా?"

కోపంగా అనలేదామె. నిజంగానే అడిగింది. కురుమయ్య అక్కడి నుంచి లేచిపోయాడు.

మరుసటి ఏడు స్నేహలత మేడం మళ్లీ ఫోన్ చేసింది. కురుమయ్య వాకిట్లోకి వెళ్లి మాట్లాడాడు. "మేడం, కొమ్ము నేనెన్నడు పెట్టలె. మా ఆమె పెడ్తది. ఆ దినం మట్టి గూడ మంచిదే."

"అయితే ఆమెనే తీసుకురండి," అంది మేడం.

బిక్షమ్మ రానంది. బయలుదేరే పొద్దున మాత్రం జొన్నదంట్లు గుడ్డలో చుట్టుకుని వచ్చి బస్సెక్కింది.

ఈసారి పిల్లలు ఆమె చుట్టూ చేరారు. ఆమె కుండను చెంపకు ఆనించుకుని, కొమ్మును ఆనబెడుతుండగా స్నేహలత మేడం మైకు అందుకుంది. ఇన్నాళ్ల తన తప్పును తనే ఒప్పుకున్న కురుమయ్యది ఎంత పెద్ద మనసో చెప్పి, చప్పట్లు కొట్టమంది. అందరూ అతని వైపు తిరిగి కొట్టారు. కొమ్ము వేళ్ల మధ్య పట్టుకుని బిక్షమ్మ అలాగే ఆగిపోయింది.

"జర ఆగుండ్రి. ఆమె పని కాలే ఇంకా," అన్నాడు కురుమయ్య. బయటికి వెళ్లి నల్లా కింద చేతులు పెట్టి నిలబడ్డాడు. చేతులకు మట్టేమీ లేదు.

సాయంత్రం బస్‌స్టాండులో అతను మెల్లగా అన్నాడు. "తప్పైంది బిక్షమ్మా."

ఆమె బస్సు బోర్డుల వైపే చూస్తోంది. "మేడంకు ముందుగాల జెప్పినవ్. కాలేజీల అందరికి తెలిసినంక నాకు జెప్తున్నవ్. అందరికన్న ఆఖరుకు నేనైతినా?"

అదీ నిజమే.

ఇప్పుడు అంగళ్లలో బిక్షమ్మ ముందు కూర్చుంటుంది, కురుమయ్య వెనక కుండలు తుడుస్తాడు. కొమ్ము ఎవరు పెట్టారని ఎవరైనా అడిగితే ఆమె చెప్పేలోపే అతను ఆమెను చూపిస్తాడు. తర్వాత తల ఎత్తకుండా తుడుస్తూ ఉంటాడు. ఆ మధ్య హోటల్ వాళ్లు గోడకు సున్నం వేస్తూ పాత ఫోటో తీసి ఇస్తే, ఇంటికి తేకుండా బట్టీ పక్కన కాల్చేశాడు. ఆ సంగతి ఆ సాయంత్రమే బిక్షమ్మకు చెప్పాడు.

"మంచి పని జేసినవ్," అని ఆమె మట్టి తొక్కడానికి దిగింది.