దిమ్మె మీద మారిట్ పేరు

హింకె బస్సు నడుపుతుంది. సముద్రపు కట్ట మీద ఎదురుగాలి ఎంత విసిరికొట్టినా బండిని రోడ్డు దిగనివ్వదు. అలాంటి మనిషి కడుపుతో ఉందని ఊరు ఊరంతా సలహాలు చెప్పింది. ఒక్కటీ చెవిన పెట్టలేదు.

అత్తవారింట్లో కాన్పులన్నీ ఒకే మంచం మీద. మంత్రసాని నడుం పట్టేయకుండా మంచం కోళ్ళ కింద నాలుగు చెక్క దిమ్మెలు పెట్టి ఎత్తు చేస్తారు. అక్కడ పుట్టిన ప్రతి బిడ్డ పేరూ వాటి మీద చెక్కుతారు. హింకె భర్త డౌవె పేరుంది. అతని అన్న సీట్సె పేరూ ఉంది. కాళ్ళు ముందుగా వచ్చి, తల ఇరుక్కుని, ఒక్కసారైనా ఏడవకుండా పోయిన పిల్లాడు సీట్సె.

హింకె కడుపులో బిడ్డకూ కాళ్ళే కిందికి ఉన్నాయి. ఆసుపత్రిలో పొట్ట మీద చేతులతో తిప్పి చూశారు, తిరగలేదు. మంత్రసాని దాచకుండా చెప్పింది.

"ఆపరేషన్ తేలికేం కాదు. కుట్లు మానాలి, వచ్చే కాన్పుకీ జాగ్రత్త పడాలి. కానీ ఈ బిడ్డని ఇంట్లో కనమని మాత్రం నేను చెప్పను."

అత్తగారు చిట్స్కె మూతి ముడిచింది. "వాళ్ళు కోసి తీసి చేతికిస్తారు. అదీ ఒక కనడమేనా?"

"ఏమన్నా అనుకోండి అత్తయ్యా. నా బిడ్డ ఏడుపు నేను వినాలి."

వింది. ఆడపిల్ల, మారిట్. ఆపరేషన్ గది అదిరేలా ఏడ్చింది.

ఇంటికొచ్చాక దగ్గితే చాలు, హింకెకు ప్రాణం పోయినంత పనయ్యేది. చుట్టాలు వచ్చి, ఆడపిల్ల పుడితే పంచే గులాబీరంగు సోంపు మిఠాయి చల్లిన రస్కులు కరకరలాడిస్తూ పిల్ల ఎవరి పోలికో తేల్చేశారు. డౌవె ఒక దిమ్మెను బల్ల మీద పెట్టి ఉలి తీశాడు. చిట్స్కె అడ్డం పడింది.

"ఆ మంచం మీద పుట్టినవాళ్ళకే పేరు. ఇది ఆసుపత్రిలో పుట్టింది."

డౌవె తల్లి వైపూ పెళ్ళాం వైపూ చూశాడు. పాపం, అంతకుమించి అతనికి చేతకాదు. హింకె పొట్ట పట్టుకుని కుర్చీలోంచి లేచి, ఉలీ సుత్తీ లాక్కుంది.

"ఊపిరి తియ్యకపోయినా సీట్సె పేరు చెక్కారు. మంచిపని చేశారు. నా కూతురు ఊపిరి పీలుస్తోంది, దానికోసమే కడుపు కోయించుకున్నాను. దీని పేరు లేని దిమ్మెలు ఈ ఇంట్లో ఉంటే పొయ్యిలో పెడతా!"

రస్కుల చప్పుడు ఆగిపోయింది. హింకె సీట్సె పేరు పక్కనే మొదటి దెబ్బ వేసింది. కుట్లు లాగి కళ్ళ నీళ్ళొచ్చాయి. రెండోదీ వేసింది. అక్షరం వంకరపోయింది.

"ఇంత పైపైన గీకితే నాలుగు రోజుల్లో అరిగిపోతుంది," అంటూ చిట్స్కె ఉలీ సుత్తీ అందుకుంది. "కూర్చో. కుట్లు ఊడితే పిల్లని ఎవరు చూస్తారు?"

సుత్తి చప్పుడుకు మారిట్ లేచి కేరుమంది. డౌవె ఊరుకోబెట్టడానికి పరుగెత్తబోయాడు.

"ఉండరా," అంది చిట్స్కె, తల ఎత్తకుండా. "కాసేపు ఏడవనీ. నన్ను విననీ."