పాలతల్లి గడి

తెల్ల ఎలుకలకు తాతముత్తాతల లెక్కలేమిటని నవ్వకండి. టెక్కలి కాలేజీలో లలిత మేడం నాలుగేళ్ల పరిశోధన ఆ లెక్కల మీదే నడిచేది. ఎలుకల్ని సాకేవాడు అక్కుపల్లి అప్పలస్వామి. వలతాడు చుట్టుకుని కుడిచేతి వేళ్లు వంకర్లు పోయాక సముద్రం మానుకుని అటెండరుగా చేరాడు. ఏ తల్లికి ఎన్ని పిల్లలో అతను చెబితే మేడం రాసుకునేది.

2001 వానాకాలంలో ఒకనాడు మేడం తలపట్టుకు కూర్చుంది. నెత్తురు చుక్కని జిగురుపొరలో పెట్టి కరెంటు పారిస్తే, అందులోని ప్రోటీను నీలిగీతై నిలుస్తుంది. పన్నెండో పెట్టెలో తల్లికీ తండ్రికీ ఒకేచోట ఒకే గీత. పిల్లల్లో మూడింటికి మాత్రం రెండేసి!

"కన్నవాళ్లకి లేనిది పిల్లలకెలా వస్తుంది? నా పద్ధతే తప్పు అప్పలస్వామీ. మానేస్తున్నానని గైడుగారికి రాసేస్తాను," అంది కళ్లొత్తుకుంటూ.

అప్పలస్వామికి అసలు సంగతి తెలుసు. చెబితే ఉద్యోగానికి ముప్పు. చెప్పకపోతే ఆమె నాలుగేళ్లూ బూడిదలో పోసిన పన్నీరే.

"నాను సేసిన పనమ్మా. ఏడో పెట్టెలో తల్లి సచ్చిపోనాది. దాని పిల్లలు మూడూ కళ్లైనా తెరవనేదు. పన్నెండోదాని దగ్గరేసినాను. మా ఈదిలో అంతే గదా! తల్లి పోతే పాలున్నోలే తల్లి. ఆ ముక్క కాగితంలో ఎవులు రాత్తారు?"

మేడం చివాల్న లేచి ఏడో పెట్టె పాత గీతల పటం తీసింది. తల్లికి పైగీత, తండ్రికి కిందిగీత. ఆ పిల్లలకు రెండూ ఉన్నాయి, వెంట్రుకవాసి తేడా లేకుండా. "నువ్వు దాచినా నెత్తురు దాచలేదు చూశావా!" అని పకపకా నవ్వేసింది.

అప్పలస్వామి నోరు తెరిచి చూస్తుండిపోయాడు. అన్నీ ఒక్కలాంటి తెలుపే. పరాయి పాలు తాగాయి, పరాయి ఒంటివేడిలో పడుకున్నాయి. అయినా కన్నవాళ్ల గుర్తు లోపల చెక్కుచెదరలేదు! "ఓలమ్మో, ఎంత ఇడ్డూరం!" అని ఆ పటానికి చేతులెత్తి దండం పెట్టాడు.

చేతులు దించి అడిగాడు. "పాలిచ్చినోల గీత ఎక్కడా పడదా అమ్మా?"

"పడదు."

అతని ముఖం చిన్నబోయింది. పుట్టిన తొమ్మిదోనాడు కన్నతల్లి పోతే, తన కొడుకుతోపాటు అతనికీ రొమ్మిచ్చి పెంచింది పొరుగింటి రత్నాలమ్మ. ఆవిడ పోయి ఇంకా ఏడాది కాలేదు.

"అయితే మా రత్నాలమ్మ గుర్తు నా ఒంట్లో నేదన్నమాట."

మేడం రికార్డు పుస్తకం తెరిచి, తల్లి గడి పక్కన స్కేలుతో ఇంకో గడి కట్టింది. దాని మీద 'పాలతల్లి' అని రాసి, పుస్తకం అతని వైపు జరిపింది. వంకర వేళ్లతో పెన్ను పట్టుకుని, ఆ మూడు పిల్లలకెదురుగా పన్నెండు అని రాశాడు అప్పలస్వామి.