గడువు దాటిన వేసవి

గురువారం పొద్దున ప్రార్థన ముగించి లేస్తుంటే చెల్లి ఫోన్ చేసింది. "అక్కా, మాస్టారు పోయారు" అంది.

ఆయన బందరులో డిగ్రీ పిల్లలకు లెక్కలు చెప్పేవారు. అమ్మానాన్నలు పోయాక నేను పెంచిన ఈ ఆఖరి చెల్లి తొంభైల్లో ఆయన దగ్గర బి.ఎస్సీ చదివింది. పాఠం అయ్యాక బోర్డు మీద ఒక ప్రశ్న రాసి, "దీనికి జవాబు నాకూ తెలియదు" అనేవారట. పిల్లలు నవ్వేవారట. ఆయన నవ్వేవారు కాదట.

మొదటి ఏడాది చివర చెల్లికి ఒక ఉత్తరం వచ్చింది. దూరాన ఒక పరిశోధన సంస్థలో, వేసవిలో ఆరు వారాలు, డిగ్రీ పిల్లలు పెద్ద ప్రొఫెసర్ల పక్కన కూర్చుని కొత్త లెక్కల మీద పనిచేయవచ్చు. దరఖాస్తు పెట్టించింది మాస్టారే. పది రోజుల్లో ఇంటివాళ్ల సంతకం పంపాలి. ఆడపిల్లను ఒంటరిగా అంత దూరం ఎలా పంపను? "ప్రార్థనలో పెడతాను" అన్నాను. ఉత్తరం బైబిల్లో ఉంచాను. రోజూ మోకరించాను. మనసుకు నెమ్మది దొరికేసరికి గడువు దాటి మూడు రోజులైంది.

చెల్లి ఏడవలేదు. అన్నం మాత్రం ముట్టలేదు. మాస్టారు ఇంటికొచ్చారు. తిడతారనుకున్నాను.

"దేవుడు తేదీ చూడడమ్మా. ఆఫీసువాళ్లు చూస్తారు" అన్నారు. మంచినీళ్లు తాగి, "సరే, ఆ ఆరు వారాలూ ఇక్కడే చేద్దాం" అన్నారు.

చెల్లినీ మరో ఇద్దరమ్మాయిల్నీ పొద్దున్నే గిలకలదిండి చేపలరేవుకు తీసుకెళ్లేవారు. తోడుగా నేనూ వెళ్లి పడవ నీడలో కూర్చునేదాన్ని. వలలో ముడులెన్ని, ముడికీ ముడికీ మధ్య దారాలెన్ని, దారాల నడుమ ఖాళీ కన్నులెన్ని? ఈ మూడింటికీ ఉన్న సంబంధం పుస్తకం చూడకుండా కనుక్కోవాలి.

"ఏంటి మాస్టారూ, చేపలొదిలేసి కన్నులు లెక్కెడతన్నారు!" అని వల బాగుచేసే ముసలాయన ఎగతాళి చేసేవాడు.

"చేపలు నీకు, కన్నులు మాకు బాబాయ్!"

పదో రోజున చెల్లి ఎగిరి గంతేసింది. వల ఏ ముక్క తీసుకున్నా, ముడులూ కన్నులూ కలిపితే దారాల కంటే సరిగ్గా ఒకటి ఎక్కువ.

"ఇది ఎప్పుడో ఎవరో కనుక్కున్నారులే" అన్నారాయన. దాని ముఖం చిన్నబోయింది. "అయినా నువ్వు ఇవాళ కనుక్కున్నావు కదా. రేపు చిరిగిన వల సంగతి చూద్దాం. అది నాకూ తెలియదు."

పిల్లలు తప్పు చేస్తే "బావుంది, ఎక్కడ జారామో చూద్దాం" అనేవారు. జారింది తను కూడా అన్నట్టు. చొక్కా జేబు ఎప్పుడూ సుద్దతో తెల్లగా ఉండేది. ఒక్కసారి మాత్రం తన మాట చెప్పారు: "మా రోజుల్లో ఏదైనా అడిగితే, సిలబస్‌లో ఉందా అనేవారమ్మా. అడగడం మానేశాను."

మరుసటి ఏడాది ఉత్తరం మళ్లీ వచ్చింది. ఈసారి మాస్టారే పట్టుకొచ్చారు. "ఇప్పుడే ప్రార్థన చేసుకోండమ్మా. నేను కూర్చుంటాను." చెప్పులు బయట విడిచి, చేతులు కట్టుకుని, కళ్లు మూసుకున్నారు. అంత చిన్న ప్రార్థన నేనెన్నడూ చేయలేదు. సంతకం పెట్టాను.

చెల్లి ఇప్పుడు ఆ లెక్కల పరిశోధనలోనే ఉంది. ఆ మొదటి వేసవి మాత్రం నా వల్ల పోయింది. క్షమించమని ఆయన్ని అడగాలనుకున్నాను. ఏటా అనుకున్నాను. ఆ గడువూ దాటిపోయింది. ఇప్పుడు ఆ గొంతు ఒక్కసారి వినాలని ఉంది.

సంతకం పెట్టిన ఆ ఏడు, చెల్లి బయల్దేరిన మధ్యాహ్నం ఆయన స్టేషనుకొచ్చారు. నేను జాగ్రత్తలు చెబుతుంటే అది కిటికీలోంచి ఆయన్ని ఏదో సందేహం అడిగింది. ఆయన రైలు పెట్టె మీది దుమ్ములో వేలితో ఒక వృత్తం గీశారు. దాని పక్కన ఇంకొకటి మొదలుపెట్టారు. బండి కదిలింది. గీస్తూనే పక్కన నడిచారు, ప్లాట్‌ఫాం చివరిదాకా. రెండో వృత్తం సగంలో ఉండగానే బండి వెళ్లిపోయింది. ఆయన వేలు ఇంకా గాలిలోనే ఉంది.