తిరుపతిలో ఇల్లున్న పాపానికి

కొండకు వచ్చే చుట్టాలందరికీ తిరుపతిలో మా ఇల్లే సత్రం. మా ఆయన యూనివర్సిటీలో గుమాస్తా. వచ్చినవాళ్ళను కాదనడం ఆయన ఇంటా వంటా లేదు. మాకున్నది ఒకటే పడకగది. అందులో చుట్టాలు, వంటింట్లో రుబ్బురోలు పక్కన నేను. కొండకు పోయేవాళ్ళకు పులిహోర కట్టివ్వడం, గుండు చేయించుకుని దిగినవాళ్ళకు నీళ్ళు కాచిపెట్టడం నా పని. అందుకు నాకు దక్కేది ఒక లడ్డు ముక్క, అదీ పొట్లంలో చితికిపోయి.

కొన్నాళ్ళకు నిద్ర కరువై తలనొప్పి వచ్చింది. డాక్టరు పరీక్షలన్నీ చేసి, జబ్బేమీ లేదని, కౌన్సెలింగు చేసే ఒకావిడ దగ్గరికి పొమ్మన్నాడు. చెయ్యి విరిగితే పుత్తూరు పోయి కట్టు కట్టించుకుని వస్తాం కదా, ఇదీ అలాంటిదేదో అనుకుని వెళ్ళాను.

ఆవిడ కట్టూ కట్టలేదు, మాత్రా ఇవ్వలేదు. ఏం తింటాను, ఏ వేళకు పడుకుంటాను, ఎవరితో మనసు విప్పి మాట్లాడతాను, పెళ్ళికి ముందు ఏం చేయడం ఇష్టం, అన్నీ అడిగింది. తలనొప్పికి వస్తే ఇదంతా ఎందుకని విసుక్కున్నాను.

"తల ఒకటే రాలేదు కదమ్మా ఈడికి. మనిషంతా వచ్చినారు" అంది.

చివరికి, "ఇప్పుడు ఏం చేద్దామంటారు?" అని నన్నే అడిగింది. నాకు ఒళ్ళు మండింది.

"నాకే తెలిస్తే ఇన్ని మెట్లెక్కి మీ కాడికి ఎందుకు వస్తాను మేడం?"

"నాకూ తెలీదమ్మా. ఇద్దరం కలిసి ఆలోచన చేద్దాం. మీకేం కావాలో మటుకు మీరే చెప్పాల."

"నా మంచం మీద నేను పండుకోవాల" అన్నాను. ఆ మాట విని నాకే ఏడుపొచ్చింది.

ఒక్క చుట్టానికైనా కుదరదని చెప్పడం నేర్చుకోవాలని ఇద్దరం తేల్చుకున్నాం. సాధన ఆ గదిలోనే. ఆవిడ మా చిన్నత్త వేషం కట్టింది.

"ఏమ్మా కోడలా, రేపు మేమంతా దర్శనానికి వస్తా ఉండాం."

నేను గొంతు సవరించుకున్నాను. "అట్లనా అత్తా. రాత్రికి అన్నం తింటారా, చపాతీలు చేసేదా?"

ఆవిడ నవ్వాపుకోలేక బల్ల మీద తల పెట్టేసింది. మరుసటి వారం, "ఇంట్లో చోటు లేదత్తా" దాకా వచ్చాను. "వరండాలో పండుకుంటాం లేమ్మా" అందావిడ. "అయ్యో, ఆడ దోమలు. లోపలే పండుకోండి" అన్నాను.

తరవాత మా ఆయన్నీ పిలిపించింది. "వంటిల్లు చల్లగా ఉంటాదని ఆడ పండుకుంటాండావనుకున్నానే" అన్నాడు ఆయన. ఎంత కోపం వచ్చిందంటే, ఆ రోజు తలనొప్పి సంగతే మరిచిపోయాను.

బ్రహ్మోత్సవాల రోజుల్లో ఒక సాయంత్రం ఆవిడే మా ఇంటికి ఫోన్ చేసింది.

"ఏమనుకోవద్దమ్మా. మా ఆడబిడ్డ వాళ్ళు బస్టాండులో దిగి ఫోన్ చేసినారు. మా ఇంట్లో ఇప్పటికే కాలు పెట్టే చోటు లేదు. ఈ ఒక్క రాత్రికి మీ ఇంట్లో..."

మళ్ళీ వేషం కట్టిందనుకున్నాను. వేషమే కదా అన్న ధైర్యంతో, "కుదరదు మేడం. ఈ రాత్రి నా మంచం మీద నేను పండుకోవాల" అన్నాను.

మెప్పు కోసం నేనే అడిగాను.

"బాగా చెప్పినానా మేడం?"

"బాగానే చెప్పినారమ్మా. కానీ వాళ్ళు నిజంగానే బస్టాండులో ఉండారు."

పంపించండి అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అప్పుడు వంటింట్లో రుబ్బురోలు కంటబడింది. ఆ మాట మింగేశాను.

ఇంతలో ఆవిడే అంది, "అమ్మా, ఆ మాట ఇంకోసారి చెప్పండి. మా ఆడబిడ్డకు నేనూ అట్లనే చెప్పాల."